సావిత్రి కథకు సీమ కన్నీరు

2018వ సంవత్సరము మే 9వ తేదీన ‘మహానటి’ చిత్రము విడుదలైన తరువాత కొన్ని వారములపాటు ప్రొద్దుటూరు సినిమాహాళ్ల ముందు గుమిగూడిన జనమును పరికించినవారికి ఒక విశేషము తప్పక గోచరించియుండును. కొత్త సినిమా వచ్చినంతనే హాలంతయు తమదే యన్నట్లు ముందు వరుసలను ఆక్రమించు యువకులతో పాటు, ఏండ్ల తరబడి హాలు గడప తొక్కని అవ్వలు కోడండ్ర భుజములు పట్టుకొని మెట్లెక్కి వచ్చినారు; బంగారు అంగళ్లవారు పెందలకడనే తలుపులు మూసి కుటుంబసమేతముగా వచ్చినారు; ‘మాయాబజార్’ను తమ చిన్నతనమున నేల టిక్కెట్టుపై చూచిన వృద్ధులు, మనుమలు కొనియిచ్చిన టిక్కెట్టును చేతబట్టుకొని, లోపల తమకెవరో పరిచితులు ఎదురుచూచుచున్నారన్న తొందరతో వచ్చినారు. సుమారు మూడు గంటల నిడివిగల ఆ చిత్రము ముగిసిన పిమ్మటకూడ వీరిలో చాలమంది వెంటనే లేవలేదు. లేచి బయటికి వచ్చినవారు మాటలాడుకొన్న మాటలే ఈ వ్యాసమునకు మూలము.

ఆ మాటలలో ఒకటి మెట్లమీద నా చెవిని బడినది. “అంతమంది చుట్టూ ఉండీ ఒక్కరన్నా ఆయమ్మకు చెప్పలేకపోయినారే!” అని ఒకామె కొంగుతో కన్నులొత్తుకొనుచు అనగా, పక్కనున్నామె, “చెప్తే ఇనే మనిషేనా వదినా ఆయమ్మ?” అన్నది. ఒక ప్రసిద్ధురాలి పతనమును తెరపై చూచి వచ్చిన వేలకొలది జనులు ఆ నెలలో ఆంధ్రదేశమంతటను చేసిన చర్చ యావత్తు ఈ రెండు వాక్యములలో ఇమిడియున్నదని నా నమ్మకము. మొదటి వాక్యము లోకమును దోషిగా నిలుపుచున్నది; రెండవ వాక్యము సావిత్రికి ఆమె జీవితమును ఆమెకే తిరిగి అప్పగించుచున్నది.

చిత్రకథను తెలియనివారు తెలుగునాట అరుదే యైనను, దాని నిర్మాణమును గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. దర్శకుడు నాగ్ అశ్విన్ ఈ కథను సావిత్రి పుట్టుకతో ప్రారంభింపలేదు; 1980లో బెంగుళూరున ఆమె స్పృహ కోల్పోయిన ఘట్టముతో ప్రారంభించి, నత్తి గల మధురవాణి యను పత్రికారచయిత్రి, విజయ్ ఆంటొనీ యను ఛాయాచిత్రకారుడు ఆమె గతమును వెదకుచు పోయినట్లు నడిపినాడు. సావిత్రి పేరు తప్ప మరేమియు ఎరుగని తరమునకు మధురవాణి ప్రతినిధి. చిత్రము చూచు పదునెనిమిదేండ్ల పిల్లయు ఆమెతో పాటే ఒక్కొక్క తలుపు తట్టి, ఒక్కొక్క సత్యమును సంపాదించుకొనును. సావిత్రిగా నటించిన కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమనటి పురస్కారము వచ్చుటయు, ఉత్తమ తెలుగు చిత్రముగను, వస్త్రాలంకరణకును ఈ చిత్రమునకు జాతీయ బహుమతులు లభించుటయు పాఠకులకు విదితమే.

సావిత్రి గుంటూరు జిల్లా చిర్రావూరు ఆడపడుచు. ఆమె కథకు కడప సీమవారు ఇంతగా కన్నీరు పెట్టుటకు కారణమేమని ప్రశ్నించువారికి సమాధానము పులివెందుల ప్రాంతమున దొరకును. తెలుగు సినిమాకు పెద్దదిక్కులైన బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి సోదరులు ఆ ప్రాంతమున పుట్టినవారు. ఇద్దరును దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందుకొన్నవారు. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి స్థాపించిన విజయా సంస్థయే ‘పాతాళభైరవి’లో ఒక నృత్యమున మెరసిన పిల్లకు ‘పెళ్లిచేసి చూడు’లో పాత్రనిచ్చి, 1955లో ‘మిస్సమ్మ’ను చేసి, 1957లో ‘మాయాబజార్’ శశిరేఖగా తెలుగువారి ఇంటింట ప్రతిష్ఠించినది. ‘మాయాబజార్’కు దర్శకుడైన కె.వి. రెడ్డి తాడిపత్రివాడు, పెన్నానది తాడిపత్రిని దాటిన పిమ్మటనే గండికోట లోయ చొచ్చి, జమ్మలమడుగు పక్కగా పారి, ప్రొద్దుటూరు చేరును. పులివెందుల తాలూకా సింహాద్రిపురమున జన్మించిన హాస్యనటుడు పద్మనాభము స్వయముగా నిర్మించిన ‘దేవత’ చిత్రమున, 1965లో, నందమూరి తారక రామారావు సరసన నాయిక సావిత్రియే. కావున ఈ సీమవారికి ఆమె తమ ఊరివారు తెచ్చుకొన్న కోడలి వంటిది. పుట్టింటివారికంటె మెట్టినింటివారికే ఆమె మేలుకీడుల జవాబుదారీ హెచ్చు గదా!

‘మిస్సమ్మ’ పాత్ర ఆమెకు లభించిన తీరు సినిమాలోకమున ప్రసిద్ధమైనది. మొదట ఆ పాత్రకు భానుమతిని నియమించి నాలుగు రీళ్ల వరకు చిత్రీకరించిన పిదప, వరలక్ష్మీవ్రతము నాడు ఆమె ఆలస్యముగా వచ్చుటపై చక్రపాణికిని ఆమెకును మాట పట్టింపు వచ్చి, ఆమె తప్పుకొన్నది. చెల్లెలి పాత్రకు అనుకొన్న సావిత్రి ప్రధానపాత్రకు మారినది. చెల్లెలి పాత్ర జమునకు పోయినది. భానుమతి గాయని; తన పాటలు తానే పాడుకొనునది. ఆమె ప్రధానపాత్రయైన మేరీగా నిలిచియుండినచో ఆ పాటలు ఆమె కంఠముననే మనకు చేరియుండెడివి. సావిత్రికి పి. లీల కంఠము తోడైనది. సాలూరి రాజేశ్వరరావు స్వరములను లీల పాడగా, ఆ పాటలకు తగిన అలుకయు, బింకమును, లోలోపలి మెత్తదనమును సావిత్రి కనుబొమ్మలలో పలికినవి. తెలుగు ప్రేక్షకుడు ఈనాటికిని ఆ పాటలు విన్నపుడు గాయనిని, నటిని వేరుచేయలేడు. తారల జీవితచిత్రములను గూర్చి మాటలాడునప్పుడు ఈ విషయము చాల ముఖ్యము. తార యనగా ప్రేక్షకుని స్మృతిలో ఒక ముఖము మాత్రము గాదు. ముఖమును, స్వరమును, ఆ పాట మొదట విన్న ఇంటి వరండాయు కలిసిన ఒక అఖండానుభవము. ఆ అనుభవమును తాకు సాహసము చేయు చిత్రమునకు ప్రేక్షకుడు వాదియు, సాక్షియు, న్యాయమూర్తియు తానే అగును.

ప్రొద్దుటూరి హాలులో ఈ పరీక్ష ఎట్లు జరిగెనో చెప్పెదను. ‘మాయాబజార్’లో, శశిరేఖ రూపము ధరించిన ఘటోత్కచుడు పెళ్లి సంబరముతో పాడు పాట యున్నది గదా! అందు సావిత్రి చేసినది సామాన్యమైన పని గాదు. ఘటోత్కచ పాత్రధారి ఎస్.వి. రంగారావు ఠీవిని, భుజముల విరుపును, హుంకారమును ఒక సుకుమారి దేహములోనికి ఆవాహనము చేసి, కన్యకయు రాక్షసుడును ఒక్క క్షణముననే కనబడునట్లు ఆడినది. ఆ ఘట్టమును ‘మహానటి’ యందు మరల చిత్రించినారు. ఇప్పుడు కీర్తి సురేశ్ సావిత్రిగా నటించవలెను. ఆ సావిత్రి ఘటోత్కచుడుగా నటించవలెను. ఆ ఘటోత్కచుడు శశిరేఖగా నటించవలెను. ఇన్ని పొరల నడుమ ఏ ఒక్క పొర చిరిగినను హాలు నవ్విపోయెడిది. అరువదేండ్లుగా ఆ నృత్యమును కంటిలో దాచుకొన్న వృద్ధులు ముందుకు వంగి, పరీక్షాధికారుల వలె చూచినారు. పాట సగమునకు వచ్చుసరికి వెనుక వరుసలలోని యువకులు ఈలలు వేసినారు. వృద్ధులు చప్పట్లు చరచినారు. ఆ ఊరు రసజ్ఞతకు కొత్తది కాదు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు అగస్త్యేశ్వరాలయమున ‘శివతాండవము’ను రచించిన ఊరది. నాట్యమును అక్షరములలో వినగలిగినవారి ఊరిలో ఆ అమ్మాయి పరీక్షలో నెగ్గినదన్నమాట.

చిత్రము ఉత్తరార్ధమునకు వచ్చుసరికి ప్రేక్షకుల మనఃస్థితి మారిపోయినది. జెమిని గణేశన్‌తో రహస్యవివాహము, తరువాతి విరోధము, మద్యపానము, సొంత నిర్మాణములలో నష్టము, ఆదాయపు పన్నువారి దాడి, నమ్మినవారి మోసము — ఈ క్రమమున కథ దిగజారుచుండగా హాలులో నిశ్శబ్దము చిక్కబడినది. ఆ నిశ్శబ్దమునుండి క్రమముగా ఒక ప్రశ్న తలయెత్తినది: ఈమెను ఇట్లు చేసినవారెవరు? ప్రేక్షకులలో అధికసంఖ్యాకులకు చిత్రమే సమాధాన మిచ్చినట్లు తోచినది. దుల్కర్ సల్మాన్ నటించిన జెమిని పాత్ర భార్య ప్రఖ్యాతి తనదానికంటె మిన్నయగుట సహింపలేని భర్తగా, ఆమెకు మొదటి మద్యపాత్ర అందించినవాడుగా కనబడుటచే, బయటికి వచ్చిన స్త్రీలు అతనిని నోటికి వచ్చినట్లు శపించినారు.

ఈ శాపము మద్రాసు వరకు ప్రతిధ్వనించినది. జెమిని గణేశన్ మొదటి భార్య కుమార్తెలలో ఒకరు, వైద్యురాలు, తన తండ్రిని అన్యాయముగా చిత్రించినారని బహిరంగముగా ఆవేదన వెలిబుచ్చినారు. సావిత్రి కుమార్తె విజయచాముండేశ్వరి చిత్రమును సమర్థించినారు. సావిత్రికి సహనటియు, సన్నిహితురాలునైన జమున తనవంటి సమకాలికులను సంప్రదింపకయే చిత్రము తీసినారని తప్పుపట్టినారు. ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరు కుమార్తెలు ఒకే చిత్రమును చూచి విరుద్ధముగా పలుకుట ఆశ్చర్యము గాదు. జీవించియున్నవారి స్మృతులతో అల్లిన కథ ఏదియు అందరిని సంతోషపెట్టజాలదు. కన్నీటితో బయటికి వచ్చిన ప్రేక్షకుడు మాత్రము ఆ కుమార్తె ఆవేదనను గూడ వినుటకు బాధ్యుడని నేను గట్టిగా నమ్ముచున్నాను. మూడు గంటలలో ముగియవలసిన కథకు ఒక దోషి కావలసియుండవచ్చును. ముప్పదియేండ్ల జీవితమునకు ఒక్క దోషి చాలడు.

ఇంతకును సావిత్రి అబల గాదు. కారు పందెములలో ఆనందించినది. 1965 యుద్ధకాలమున తన ఒంటిమీది నగలను దేశరక్షణనిధికి లాల్ బహదూర్ శాస్త్రిగారి చేతిలో పెట్టినది. 1968లో ముఖ్యశాఖలన్నిటను స్త్రీలే నిర్వహించిన ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు దర్శకురాలైనది. ఒకనాడు మిస్సమ్మకు కంఠమిచ్చిన పి. లీలయే ఆ చిత్రమునకు సంగీతదర్శకురాలు. ఆ చిత్రము ఆడలేదు. ‘మూగమనసులు’ కథను తమిళమున ‘ప్రాప్తం’గా తీసి మరింత నష్టపడినది. ఈ నిర్ణయములన్నియు ఆమెవే. వాటి సాహసమును, వాటి పొరపాటును ఆమెనుండి తీసివేసి, పాపమొకరికి, జాలి మరొకరికి పంచిపెట్టినచో మనము ఆమెను రెండవమారు చిన్నపుచ్చినవారమగుదుము. మెట్లమీద రెండవ మాట పలికిన ఆ ఇల్లాలు, తనకు తెలియకయే, విమర్శకులు మరచిన ఈ న్యాయమును నిలిపినదని నా అభిప్రాయము.

మరియొక దోషి గలడు. అతనిని గూర్చి ఎవరును పలుకలేదు. సావిత్రి సుమారు 19 నెలలు స్పృహలేక పడియుండి 1981 డిసెంబరు 26న కన్నుమూసినది. ఆమె నిర్మించిన చిత్రములను చూడబోనివారు, ఆమె శరీరము లావెక్కినపుడు పెదవి విరిచినవారు, చిన్న వేషములలో కనబడినపుడు ముఖము తిప్పుకొన్నవారు ఎవరు? ఆమెను ప్రేమించినట్లు చెప్పుకొన్న ఆ ప్రేక్షకలోకమే గదా! 2018లో హాళ్లలో కార్చిన కన్నీటిలో శోకముతో పాటు ఋణభారమును కలసియున్నది. ముప్పదియేడేండ్ల తరువాత వడ్డీ చెల్లింపవచ్చినవారి ముఖములవి. అవ్వలు కోడండ్ర చేయి పట్టుకొని వచ్చుటకు ఇంతకుమించిన కారణమును నేను ఊహింపలేను.

అదే 2018వ సంవత్సరము చివర, లోకమంతట మరియొక జీవితచిత్రమును గూర్చి ఇట్టి వాదమే చెలరేగినది. జాంజిబారున పార్శీ కుటుంబమున పుట్టి, మన మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకొని, ఇంగ్లండున ‘క్వీన్’ బృందపు గాయకుడై, 1991లో ఎయిడ్స్ వ్యాధితో మరణించిన ఫ్రెడీ మెర్క్యురీ కథ అది. ‘బొహీమియన్ రాప్సొడీ’ దాని పేరు. విమర్శకులు ఆ చిత్రమును కఠినముగా పరిశీలించి, కాలక్రమమును తారుమారు చేసినారనియు, 1985 జూలై 13న వెంబ్లీలో జరిగిన మహాసంగీతసభకు ముందే అతనికి వ్యాధి సంగతి తెలిసినట్లు చూపుట చరిత్రకు విరుద్ధమనియు ఆక్షేపించినారు. ప్రేక్షకులు దానిని లక్ష్యపెట్టక, కొన్ని దేశములలో హాలులోనే నిలువబడి పాటలు పాడినారు; ఆ చిత్రము నాలుగు ఆస్కారు బహుమతులు పొందినది. విమర్శకుడు సంవత్సరములను లెక్కించుచుండగా ప్రేక్షకుడు స్వరమును వెదకుకొనుచుండెను. ఆ చిత్రమున పాటలలో అధికభాగము ఫ్రెడీ సొంత కంఠమే వినబడును. నటుని పెదవులు కదలినను గొంతు మృతునిది. ప్రేక్షకుని విశ్వాసము అక్కడ లంగరు వేసికొన్నది.

దోషము లేని కథానాయకుని ప్రేక్షకుడు ఎంత చల్లగా స్వీకరించునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. 2019 జనవరిలో వచ్చిన ‘ఎన్.టి.ఆర్. కథానాయకుడు’ నందమూరి తారక రామారావు మహోన్నత జీవితమును చూపినది. కుమారుడు బాలకృష్ణయే తండ్రి పాత్ర ధరించినాడు. ఐనను జనము రాలేదు. ఆ నాయకునిపై ప్రేమ తరిగి అట్లు జరిగినదనుకొనుట పొరపాటు. ఎక్కడను జారని మనిషిని చూచి ప్రేక్షకుడు నమస్కరించి వెళ్లిపోవును. అతనికై ఏడ్వలేడు, అతనితో వాదింపలేడు. మరుసటి నెలలోనే వచ్చిన ‘యాత్ర’ చిత్రము పులివెందులలో ఎదుర్కొన్న పరీక్ష వేరు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి నడకను, పంచెకట్టును, చేయి ఊపును తమ వీధులలో కన్నులార చూచినవారి ముందు మలయాళ నటుడు మమ్ముట్టి ఆయన పాత్రతో నిలువవలసివచ్చినది. అక్కడి ప్రేక్షకునికి తెరమీది మనిషి సినిమా పాత్ర కాదు. పలకరించిన మనిషి, పెండ్లికి వచ్చిన మనిషి. అట్టి చూపునకు ఏ నటుడును పూర్తిగా చాలడు. ఆ ప్రేక్షకుడు గూడ ఆ కొరతను మనస్సులోనే పూరించుకొని చూచును.

తిరిగి ‘మహానటి’ సంగతికి వచ్చినచో, జమ్మలమడుగులో నేను విన్నది పిల్లల మాట. ‘మహానటి’ని చేతిఫోనులో చూచిన కళాశాల విద్యార్థినులు కొందరు ఆ రాత్రియే ‘మిస్సమ్మ’ను వెదకి చూచితిమని చెప్పినారు. నలుపు తెలుపుల చిత్రమును ఆద్యంతము చూచుట వారికి అదియే మొదటిసారి. జీవితచిత్రము చేయగలిగిన మేలులలో ఇంతకంటె పెద్దది నాకు కనబడదు.

నటీమణి కథ ఇట్లుండగా, కష్టములపాలైన గాయకుని కథను ఎవరైన తెరకెక్కింపదలచినచో, ఈ సీమవారు మొదట తలచుకొనవలసినవాడు చిత్తూరు నాగయ్య. బి.ఎన్. రెడ్డి ‘వందేమాతరం’, ‘సుమంగళి’, పద్మనాభము చిత్రమునకు ముందటి ‘దేవత’, ‘స్వర్గసీమ’ చిత్రములలో ఆయనచే పాడించి ఆడించినాడు, కె.వి. రెడ్డి ఆయనను పోతనగను, 1947లో వేమనగను నిలిపినాడు. ఆయన తానే నిర్మించి, దర్శకత్వము వహించి 1946లో ‘త్యాగయ్య’ యైనాడు. ఒంటిమిట్ట కోదండరాముని సన్నిధిలో పోతనను తమవాడనుకొను కడపవారికిని, పులివెందులకు పొరుగునున్న కదిరి ప్రాంతపు కటారుపల్లిలో వేమన సమాధిని దర్శించువారికిని, ఆ మహాపురుషుల ముఖము నాగయ్య ముఖమే. జనులు ఆయన కనబడినచోట పాదాభివందనము చేసిరి, నటుడని మరచిరి. ఆయనయు సంపాదించినదంతయు అడిగినవారికెల్ల పెట్టి, పద్మశ్రీ బిరుదము వచ్చిన తరువాతకూడ, జీవికకై చిన్న చిన్న వేషములు వేయుచు 1973 డిసెంబరు 30న మరణించినాడు.

ఆయన కథలో మద్యము లేదు. ద్రోహముతో కూడిన దాంపత్యము లేదు. ప్రేక్షకుడు కోపముతో వేలెత్తి చూపుటకు ఒక్క మనిషియు దొరకడు. ఇంటికి వచ్చినవారికి అన్నము పెట్టి, సాయము కోరినవారికి చేతికందినది ఇచ్చి, తాను ఎవరిని సాయమడగలేక పోయిన మనిషి ఆయన. అట్టి కథను తీయువాడు దోషిని సృష్టించు ప్రలోభమునకు లొంగరాదు. వేమనగా మారు క్షణమున ఆ ముఖమున కలిగిన మార్పును అనుకరింపబోకుండ, పాత చిత్రమునే ఆ చోట ప్రదర్శించుట మేలు. పాటల విషయములో మాత్రము రాజీ పనికిరాదు. ఎంతటి సుశిక్షితుడైన నేటి గాయకునిచేతనైనను నాగయ్య పాటలను మరల పాడించి, శుభ్రము చేసి వినిపించినచో ప్రొద్దుటూరి వృద్ధులు మొదటి పాటలోనే లేచిపోవుదురు. అరిగిన రికార్డులోని గరగర శబ్దముతో సహా ఆయన గొంతునే వినిపించినచో, ఆ చిత్రములో మరి ఏ లోపమున్నను వారు క్షమింతురు.